సోమశిల నుంచి శ్రీశైలం లాంచి: ఎక్కేముందు చూసుకోవాల్సినవి

కొల్లాపూర్ పక్కనున్న సోమశిల రేవులో పొద్దున ఎక్కితే, నల్లమల కొండల మధ్య కృష్ణ మీదుగా సాయంత్రానికి పాతాళగంగ ఘాట్‌లో దిగుతారు. దారి మాత్రం అద్భుతం, రోజంతా కూర్చున్నా విసుగు రాదు.

అన్నిటికన్నా ముందు నీటిమట్టం అడగండి. శ్రీశైలం రిజర్వాయర్ నిండుమట్టం 885 అడుగులు. నీళ్లు బాగా తగ్గితే లాంచి ఒడ్డుదాకా రాలేదు, అడుగు రాళ్లకు తగులుతుంది. అప్పుడు ట్రిప్పే ఉండదు. వానలు పడి డ్యాం నిండాక, చలికాలంలో వెళ్లడమే మంచిది. ఎండాకాలంలో వచ్చేవాళ్లు అవతలి ఒడ్డున నీళ్లలోంచి బయటపడే సంగమేశ్వరం గుడి చూడొచ్చు, అది వేరే సంగతి.

లాంచి తూర్పుకు పోతుంది కాబట్టి చలికాలంలో ఎండంతా కుడివైపే. ఎడమ కిటికీ పట్టండి. ఇంజిన్ దగ్గరి సీట్లొద్దు, మోతకు మాట వినపడదు, డీజిల్ వాసనకు పిల్లలు వాంతులు చేసుకుంటారు.

లైఫ్ జాకెట్ ఊరికే మెడకు తగిలించుకుంటే లాభంలేదు. బకిళ్లన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి లేస్తే అది వదులు, నీళ్లలో మనిషి కిందికి జారిపోతాడు. పట్టీ తెగినదిస్తే మార్చమని గట్టిగా అడగండి.

దారిలో అక్కమహాదేవి గుహల దగ్గర ఆపుతారో లేదో టికెట్టప్పుడే తేల్చుకోండి. దిగే బల్ల తడిగా ఉంటే చెప్పులు జారతాయి. పాతాళగంగలో దిగాక పైకి బోలెడు మెట్లు. పెద్దవాళ్లుంటే రోప్‌వే ఎక్కించండి.