టెయిల్ ల్యాంపు ఎల్ఈడీకి రెండు వెలుగులు: రెసిస్టరా, పీడబ్ల్యూఎమ్మా?

రాత్రి లైటు వేస్తే మసకగా, బ్రేక్ నొక్కితే గట్టిగా వెలగాలి. ఒకే ఎల్ఈడీతో రెండూ చేయించడానికి రెండు దారులు: కరెంటును తగ్గించే రెసిస్టరు, లేదా ఎల్ఈడీని వేగంగా ఆర్పి వెలిగిస్తూ వెలుగు తగ్గించే పీడబ్ల్యూఎం మాడ్యూల్.

ఖర్చు: రెసిస్టర్లు, డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చేవి) కలిపినా టీ, సమోసా డబ్బులే. పీడబ్ల్యూఎం మాడ్యూల్ అంతకంటే బాగా ఎక్కువ.

పని: మూడు ఎర్ర ఎల్ఈడీలు వరసగా కలిపితే సుమారు 6 వోల్టులు తీసుకుంటాయి. ఇంజను ఆన్‌లో ఉంటే లైన్లో 14 వోల్టులు. డయోడ్ దగ్గర పోయే సుమారు 0.7 వోల్టు తీసేస్తే, బ్రేక్ వైరుకు 470 ఓమ్‌లు పెడితే సుమారు 15 మిల్లీయాంపులు, పార్కింగ్ (రాత్రి లైటు) వైరుకు 2.2 కిలోఓమ్‌లు పెడితే సుమారు 3. రెండూ కలిసినా మామూలు ఎల్ఈడీ తట్టుకునే 20 దాటదు. ఒక్కో వైరుకు ఒక 1ఎన్4007 డయోడ్ తప్పనిసరి, లేకపోతే బ్రేక్ కరెంటు పార్కింగ్ లైనులోకి వెనక్కి పారుతుంది. నేను మొదటిసారి అదే మర్చిపోయాను! పీడబ్ల్యూఎంలో మసక ఎంత ఉండాలో నాబ్ తిప్పి పెట్టుకోవచ్చు, కానీ ఎల్ఈడీలకు రెసిస్టరు అక్కడా కావాలి.

వెలుగు: రెసిస్టరుతో వోల్టేజీని బట్టి కాస్త మారుతుంది. పీడబ్ల్యూఎం ఎల్ఈడీని వేగంగా ఆర్పి వెలిగిస్తుంది కాబట్టి మసకలోనూ అన్నీ సమానంగా కనిపిస్తాయి. ఆ వేగం తక్కువైతే మినుకుమినుకే.

రిస్కు: కోనసీమ వానలకు, అంతర్వేది వైపు ఉప్పుగాలికి సర్క్యూట్ బోర్డు త్వరగా తుప్పు పడుతుంది. రెసిస్టరుకు హీట్ ష్రింక్ ట్యూబు తొడిగితే నిశ్చింత.

అమలాపురం, రాజోలు కాలవగట్ల మీద రోజూ తిరిగే పాత కారుకైతే రెసిస్టరే. ఎల్ఈడీలు పదుల్లో ఉండి, వెలుగు తరచూ మార్చుకోవాలంటే పీడబ్ల్యూఎం, అదీ డిక్కీ లోపల పొడిచోట బిగించగలిగితేనే.