జాంగో ముందు ఇంజిన్‌ఎక్స్: 5కి 4 మార్కులు

జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) సైట్ నడపడానికి మాదాపూర్ చిన్న కంపెనీకి ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్‌లో ఒక ఉబుంటు (లినక్స్) మెషీన్, అందులో జాంగో కోడ్‌ను నడిపే గునికార్న్, దాని ముందు బయటి రిక్వెస్టులను అందుకునే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్ చాలు. 2 కోర్లకు 5 వర్కర్లు (రిక్వెస్టులు తీర్చే గునికార్న్ ప్రాసెస్‌లు) అంటారు. ర్యామ్ 1 జీబీయే అయితే 3తో సరిపెట్టుకోండి.

ఇంజిన్‌ఎక్స్‌తో పేచీ అంతా డిఫాల్ట్‌ల దగ్గరే. అప్‌లోడ్ 1 ఎంబీ దాటితే 413 (పంపింది మరీ పెద్దది) అని మొహం మీదే తలుపేస్తుంది. క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ అనే సెట్టింగ్ పెంచాలి. 502 (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు లేదు) వస్తే ఇంజిన్‌ఎక్స్‌ను తిట్టి లాభం లేదు. గునికార్న్ ఆగిపోయి ఉండాలి, లేదా సాకెట్ (రెండూ మాట్లాడుకునే ఫైల్) దాకా వెళ్లే దారి మూసి ఉండాలి. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్ అనుమతి 750 (బయటివాళ్లకు ప్రవేశం లేదు). ప్రాజెక్టు అక్కడుంటే ఇంజిన్‌ఎక్స్ లోపలికి రాలేకపోతుంది. 777 (అందరికీ అన్ని అనుమతులు) కొట్టకండి, మహాపాపం! సాకెట్‌ను రన్ (/run) ఫోల్డర్‌లోకి మార్చండి.

పెద్ద రిపోర్టులకు ఇంకో చిక్కు: ఇంజిన్‌ఎక్స్ జవాబు కోసం 60 సెకన్లు ఆగుతుంది కానీ గునికార్న్ 30కే వర్కర్‌ను చంపేస్తుంది. ముందు పెంచాల్సింది గునికార్న్ టైమౌటే.