మూడు నెలలు విన్నాను, వాడి వాచీ ఇంకా నడవలేదు

ముందే చెప్పేస్తున్నా, ఈ ఆడియో కథల యాప్‌కి నేనిచ్చేది అయిదుకి రెండున్నర స్టార్లు. అందులో రెండు కథ చదివేవాళ్ల గొంతులకి, అర నిద్ర టైమర్‌కి. యాప్ పేరు రాయడం లేదు. ఈ సీరియల్ యాప్‌లన్నీ ఇంచుమించు ఒకే మూసలో పోసినట్టుంటాయి కాబట్టి మీ ఫోన్‌లో ఉన్నది ఏదైనా సరే, కింద నేను ఏడ్చినవాటిలో సగం మీకూ తగిలే ఉంటాయి.

నేను చేరిందే ఒక్క ట్యాగ్ కోసం: ‘గాయపడ్డ హీరో’. మీకు తెలిసిన సరుకే. ఎక్కువ మాట్లాడడు, ముక్కు మీదే కోపం, గతంలో ఏదో జరిగింది, ఏం జరిగిందో ఇంట్లో ఎవరూ చెప్పరు, పోస్టర్ మీద సగం మొహం చీకట్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. అంత డబ్బున్నవాడి ఇంట్లో ఒక్క లైటు వేసేవాళ్లు లేరా అని నవ్వుకున్నాను, నవ్వుకుంటూనే నొక్కాను. టీనేజ్ నుంచీ నాకిదే బలహీనత. నిజంగా ఇలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉండమంటే రెండో రోజుకే పెట్టె సర్దుకుంటాను, అడిగినదానికి జవాబు చెప్పనివాళ్లంటే నాకు ఒళ్లుమంట. కథలో వాడు జవాబు చెప్పకపోతే మాత్రం ఇంకో ఎపిసోడ్ పెట్టుకుంటాను. ఎందుకలా అన్నది ఈ మూడు నెలల్లో కొంత అర్థమైంది, అదీ ఈ యాప్ చేసిన తప్పుల పుణ్యమా అని.

నేను ఎక్కువగా విన్న కథలో హీరోయిన్ ఒక పెద్ద ఇంట్లో పాత పుస్తకాలు సర్దే పనికి వస్తుంది. ఇంటి యజమాని మన హీరో. చేతికి వాచీ ఉంటుంది కానీ అది 2:40 దగ్గర ఆగిపోయింది, వాడు దాన్ని తియ్యడు, బాగుచేయించడు. ఆ ఇంట్లో పనిచేసేవాళ్లెవరూ వాడిని టైమెంతయిందని అడగరు. ఈ ఒక్క ముక్కతోనే వాడి గతం సగం అర్థమైపోయింది నాకు, మిగతాది చెప్పకపోయినా ఓపిక పట్టేదాన్ని. 61వ ఎపిసోడ్‌లో వాడికి జ్వరం. ఆమె తడిగుడ్డ నుదుటి మీద వెయ్యబోతే చెయ్యి తోసేసి ‘వెళ్లిపో’ అంటాడు. ఆమె లేస్తుంది. చూస్తే వాడి వేళ్లు ఆమె స్వెటర్ అంచు పట్టుకుని ఉన్నాయి. మళ్లీ ‘వెళ్లిపో’ అంటాడు, వేళ్లు మాత్రం వదలవు. అక్కడ కథ చదివే అతను మూడు సెకన్లపాటు ఏమీ మాట్లాడడు, ఊపిరి ఒక్కటే వినిపిస్తుంది. గిన్నెలు తోముతూ వింటున్నదాన్ని, కుళాయి కట్టేసి నిలబడిపోయాను. సబ్బు చేత్తోనే వెనక్కి జరిపి నాలుగుసార్లు విన్నాను, ఫోన్ స్క్రీన్ మీద ఆ మరకలు రెండు రోజులున్నాయి.

నా లెక్కలో ఈ రకం హీరోల ఆకర్షణ అంతా ఆ స్వెటర్ అంచు దగ్గరే ఉంది. నోరు ఒకటి చెప్తోంది, చెయ్యి ఇంకోటి చెప్తోంది, ఆ చేతి మాట వినగలిగింది ఆమె ఒక్కతే, ఆమెతోపాటు నేను. గలగలా మాట్లాడే మంచి అబ్బాయి ‘నువ్వంటే ఇష్టం’ అంటే విని సంతోషిస్తాం, అంతే. నెలల తరబడి నోరు విప్పనివాడు ‘తిన్నావా’ అని అడిగితే చెవులు రిక్కించి దానికి పది అర్థాలు తీస్తాం. పని అంతా మన చేత చేయిస్తాడన్నమాట, అందుకే వదల్లేం. అమెరికాలో జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు రొమాన్స్ నవలలు విడవకుండా చదివే ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడి 1984లో ఒక పుస్తకం తెచ్చింది. ఆ పాఠకులకి కావలసింది ఏమిటంటే, మొదట్లో మొరటుగా కనిపించినవాడి లోపల మెత్తదనం ఉందని, ఆ మొరటుతనం పాత దెబ్బ వల్ల వచ్చిందని తేలడం. అప్పుడు వాడు చేసినవన్నీ హీరోయిన్ కొత్త అర్థంతో మళ్లీ చదువుకుంటుంది. ఊరికే క్రూరంగా ఉండి, అందులోంచి బయటికి రానివాడు వాళ్లకి అస్సలు పడలేదు. ఈ సంగతి మళ్లీ కావాలి, గుర్తుపెట్టుకోండి.

ఇది కొత్త సరుకూ కాదు. 1814లో ఇంగ్లిష్ కవి బైరన్ ‘ది కోర్సెయిర్’ అనే కావ్యం విడుదల చేస్తే మొదటి రోజే 10,000 కాపీలు అమ్ముడుపోయాయి. అందులో హీరో సముద్రపు దొంగ, మనుషులంటే అసహ్యం, ప్రేమించిన ఒక్క మనిషి దగ్గర మాత్రం కరిగిపోతాడు. చివర్లో కవి అతని ఖాతాలో రాసేది ఒక సుగుణం, వెయ్యి నేరాలు. ఇప్పుడు ఈ యాప్‌లో ‘అందరికీ రాయి, ఆమెకి వెన్న’ అని ఒక ట్యాగ్ ఉంది. రెండు వందల ఏళ్లకి పైగా ఒకటే ఫార్ములా నడుస్తోందంటే నా ఒక్కదానికే పిచ్చి కాదని కొంచెం ధైర్యం వచ్చింది.

సరే, యాప్ సంగతి. గొంతులు నిజంగా బాగున్నాయి, హీరో భాగం చదివేవాళ్లలో కనీసం ముగ్గురు, అరవకుండానే కోపం పలికించగలరు. అది చాలా కష్టమైన పని. వేగం పెంచుకోవచ్చు, నిద్ర టైమర్ చక్కగా పనిచేస్తుంది, ఎక్కడ ఆపామో మర్చిపోదు. ఒక్క సెట్టింగ్ విషయంలో మాత్రం జాగ్రత్త: ‘నిశ్శబ్దాలు తీసెయ్యి’ అని ఒకటుంటుంది, టైమ్ ఆదా అవుతుందని నేను రెండు వారాలు ఆన్‌లో పెట్టుకున్నాను. 61వ ఎపిసోడ్ మా చెల్లికి వినిపిద్దామని పెడితే ఆ మూడు సెకన్లూ లేవు! ‘వెళ్లిపో వెళ్లిపో’ అని గబగబా అనేసి తర్వాతి సీన్‌లోకి వెళ్లిపోయాడు, బస్సు కండక్టర్‌లా. మా చెల్లి నా మొహం చూసి, ‘అక్కా, దీనికా నువ్వు కుళాయి కట్టేసింది’ అంది. ఈ హీరోలకి ప్రాణం నిశ్శబ్దంలోనే ఉంటుంది, అది తీసేసే బటన్ ఈ కేటగిరీకి ఇవ్వకూడదు అసలు.

రెండో గోల, హీరో మనసులోని మాటలు. ఒకప్పటి రొమాన్స్ నవలల్లో చాలావరకు కథ అంతా హీరోయిన్ వైపు నుంచే నడిచేది, అతని బుర్రలో ఏముందో ఆమెకీ తెలీదు, మనకీ తెలీదు. ఇప్పుడు ఒక ఎపిసోడ్ ఆమెది, ఒక ఎపిసోడ్ అతనిది. చేతనైనవాళ్లు రాస్తే అది కూడా బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ యాప్‌లో నేను మొదలుపెట్టిన ఒక కథలో రెండో ఎపిసోడ్‌కే హీరో గొంతు సవరించుకుని, ‘నేను లోపల విరిగిపోయిన మనిషిని, నన్నెవరూ బాగుచేయలేరు’ అని అరటిపండు ఒలిచినట్టు చెప్పేశాడు. నాయనా, ఆ మాట నేను కదా కనిపెట్టాలి! తన గాయం గురించి తానే ఇంత చక్కగా ఉపన్యాసం ఇవ్వగలిగినవాడు ఇంక మూగగా ఎందుకు తిరుగుతున్నట్టు? మూడో ఎపిసోడ్‌లో వదిలేశాను.

అసలు గొడవ సాగదీత. ఎపిసోడ్ ఎనిమిది నిమిషాలు, అందులో ఒక నిమిషం నిన్నటి కథ. వాడు నోరు విప్పబోతుండగా ఆగిపోతుంది, తర్వాతది వినాలంటే కాయిన్లు. నా వాచీ హీరో 61లో స్వెటర్ అంచు పట్టుకున్నాడా, 98లో వాళ్లమ్మ చనిపోయిన రాత్రి గురించి చెప్పాడు, 2:40 అంటే ఏమిటో అప్పుడు తెలిసింది, నేను ఏడ్చాను కూడా. అక్కడికి కథ కొలిక్కి వచ్చిందనుకుంటే, 140 కల్లా మళ్లీ మొదటికి. మళ్లీ తలుపు వేసుకున్నాడు, మళ్లీ ‘వెళ్లిపో’. ఈసారి కారణం ఒక స్నేహితుడి మోసం, 190 దగ్గర ఒక అన్నయ్య, 230 దగ్గర ఇంకెవరో. గాయం మీద గాయం తెచ్చి తగిలిస్తున్నారు, ఎందుకంటే వాడు బాగుపడితే నేను చందా ఆపేస్తాను. మా చెల్లి అప్పటికే తేల్చేసింది, ‘వీడికి కావలసింది డాక్టరు, పెళ్లాం కాదు’ అని. నాకు కోపం వచ్చింది కానీ 230 దాటాక ఒప్పుకోక తప్పలేదు. ఒకసారి తెరుచుకున్న తలుపు మళ్లీ మూస్తే బాధేస్తుంది. నాలుగోసారి మూస్తే, పోరా అనిపిస్తుంది.

1847లో వచ్చిన షార్లెట్ బ్రాంటీ నవల ‘జేన్ ఐర్’ 38 అధ్యాయాల్లో అయిపోతుంది. అందులో హీరో రోచెస్టర్ కూడా ఇలాంటివాడే, విసుగు, రహస్యం, చీకటి ఇల్లు, అన్నీ ఉన్నాయి. కానీ అతనికి అప్పటికే పెళ్లయిందని, భార్యని ఆ ఇంట్లోనే దాచాడని తన పెళ్లి రోజున తెలిశాక జేన్ ఏం చేసింది? ప్రేమ ఉండి కూడా వెళ్లిపోయింది. అతని కన్నీళ్లు చూసి ఆగలేదు. తిరిగొచ్చేసరికి ఆమెకి సొంత ఆస్తి ఉంది, అతనికి అగ్నిప్రమాదంలో చూపు పోయింది, ఒక చెయ్యి పోయింది. అంటే అతని బాధకి ఒక ఖరీదు పడింది, ఆ ఖరీదు అతనే కట్టాడు. ఈ యాప్‌లో వాడి బాధకి ఖరీదు నేను కడుతున్నాను, కాయిన్లలో. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే సంఘం రొమాన్స్‌కి ఇచ్చే నిర్వచనంలో ఉన్నవి రెండే రెండు: కథ నడిమధ్యలో ప్రేమ ఉండాలి, ముగింపు మనసుకి తృప్తినిస్తూ ఆశతో ఉండాలి. ముగింపే లేని దాన్ని ఆ లెక్కన ఏమనాలో మరి.

ఇంకా చిరాకైన విషయం, ట్యాగ్‌లు. దెబ్బతిన్నవాడికీ దెబ్బకొట్టేవాడికీ ఇక్కడ ఒకటే ట్యాగ్. ఒక కథలో హీరో కోపంతో హీరోయిన్ ఫోన్ గోడకేసి కొట్టి, గది తలుపుకి బయట గడియ పెడతాడు, వెనక వయొలిన్ మొదలవుతుంది. వయొలిన్ వాయిస్తే మేం కరిగిపోవాలా? ఇలాంటి కథలు ఇష్టంగా వినేవాళ్లున్నారు, అది వాళ్లిష్టం, కథని కథలా వినడం వాళ్లకి తెలుసు, వాళ్లతో నాకు పేచీ లేదు. ముందు ఒక హెచ్చరిక పెట్టమంటున్నాను, అంతే. నేను ఆ కథ మధ్యలో ఆపేస్తే యాప్ దాన్ని ఎలా అర్థం చేసుకుందో తెలీదు, మర్నాటికి అలాంటివే ఆరు తెచ్చి ముందు పెట్టింది. రాడ్వేతో మాట్లాడిన ఆడవాళ్లకి స్పష్టంగా తెలిసిన తేడా ఇదే, మూడు నెలలు నా వినికిడి అంతా లెక్కరాసుకున్న యాప్‌కి ఎక్కలేదు.

‘జేన్ ఐర్’ వచ్చిన 1847లోనే షార్లెట్ చెల్లెలు ఎమిలీ రాసిన ‘వుదరింగ్ హైట్స్’ కూడా వచ్చింది. అందులో హీరో హీత్‌క్లిఫ్‌ని ఇప్పటికీ గొప్ప ప్రేమికుల లిస్టులో వేస్తుంటారు. అదే నవలలో ఇసబెల్లా అనే అమ్మాయి సరిగ్గా మనలాగే అనుకుని అతనితో లేచిపోతుంది, పైకి మొరటు, లోపల బంగారం అని. ఆమె తనని ప్రేమకథల్లో హీరోగా ఊహించుకుందని అతనే వెక్కిరిస్తాడు. ఇల్లు దాటుతున్నప్పుడు ఆమె కళ్లముందే ఆమె కుక్కపిల్లకి ఉరేశాడు, అయినా ఆమెకి అర్థం కాలేదని నవ్వుతాడు. పోస్టర్ మీద సగం మొహం చీకట్లో ఉన్నవాడిని చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు ముందు ఆ కుక్కపిల్ల గుర్తొస్తోంది. యాప్ వాళ్లు ట్యాగ్ పెట్టకపోయినా ఎమిలీ పెట్టింది.

చందా ఆపడం గురించి కూడా రాయాలి. మూడు నెలల ప్లాన్ దానంతటదే మళ్లీ మొదలైపోతుంది, ముందుగా మెసేజ్ కూడా రాలేదు. ఆపే బటన్ మూడు పేజీల లోపల ఉంది. మొదటి పేజీ ‘ఎందుకు?’ అంది, రెండోది తక్కువ ధర చూపించింది, మూడో పేజీలో నా వాచీ హీరో బొమ్మ పెట్టి కింద రాశారు: ‘నువ్వు కూడా వదిలేస్తావా?’ ఆ పేజీ రాసినవాళ్లెవరో గానీ వాళ్లకి ఈ కేటగిరీ బాగా తెలుసు. వాడి మొహం చూసి నేను కొన్ని క్షణాలు నిజంగా ఆగాను, ఒట్టు. తర్వాత నొక్కేశాను. నొక్కినా ఒక నెల డబ్బు కట్ అయిపోయింది, సపోర్ట్‌కి రాస్తే ‘మీ భావాలు మాకు ముఖ్యం’ అని జవాబొచ్చింది, డబ్బు రాలేదు.

ఎవరికి పనికొస్తుందంటే, పూర్తయిన కథలని ఫిల్టర్ చేసుకుని అరవై ఎపిసోడ్ల లోపు ఉన్నవే వినేవాళ్లకి. అలా వెతికితే మూడు నాలుగు మంచివి దొరికాయి నాకు, వాటిలో హీరోలు ఎంత మూతి ముడుచుకున్నా చివరికి మనుషుల్లో పడతారు. నడుస్తున్న సీరియల్ జోలికి పోకండి. ఎపిసోడ్ కౌంట్ మూడంకెలకి చేరితే వాడి గాయం మానదని ముందే ఖాయం చేసుకోండి.

చందా లేనివాళ్లకి రోజుకి ఒక ఎపిసోడ్ ఉచితం. అది మాత్రం ఇంకా వింటున్నాను, సిగ్గు లేకుండా. నిన్న 312. వాడు ఎట్టకేలకు వాచీ చేతి నుంచి తీసి, జేబులో పెట్టుకుని, ఆమెకి కూడా చెప్పకుండా బాగుచేయించడానికి షాపుకి వెళ్లాడు. షాపు మూసి ఉంది.