సీసా మీద 5 మిల్లీగ్రాములు, లోపల 3.6

శ్రీకాకుళంలో మా చిన్న ల్యాబ్‌కి ఈస్ట్ పని కోసం ఆల్ఫా ఫ్యాక్టర్ తెప్పించాను. 13 అమైనో ఆమ్లాల పెప్టైడ్, అంటే బుల్లి ప్రొటీన్ ముక్క. ఈస్ట్‌లో ఆల్ఫా రకం కణాలు జత కోసం 'ఎ' రకం కణాలకి పంపే సంకేతం ఇది. తగిలితే 'ఎ' కణాలు విభజన ఆపేస్తాయి. ఆర్డర్ మీద చేసిచ్చే కంపెనీ. పేరు చెప్పను, డబ్బు గొడవ ఇంకా తేలలేదు.

పార్సిల్ విప్పితే ఐస్ ప్యాక్ వెచ్చగా తగిలింది. "పాడైపోయినట్టేనా మేడమ్?" అన్నాడు మా అటెండర్. ఏం కాలేదు. ఎండు పొడిగా ఉన్నంతవరకు నాలుగు రోజుల ప్రయాణం దానికో లెక్క కాదు. నీళ్లలో కలిపాకే టెన్షన్. అందులోని ట్రిప్టోఫాన్, మెథియోనిన్ ఆక్సిజన్‌కి లొంగిపోతాయి. కలిపిన రోజే చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 20లో పెట్టేశాను.

పేచీ అంతా బరువు దగ్గర. సీసా మీద 5 మి.గ్రా., కాగితం మీద 95 శాతం శుద్ధి. ఆ 95 లెక్కలోకి పొడిలోని తేమ రాదు, శుద్ధి చేసేటప్పుడు అంటుకునే ట్రైఫ్లోరోఎసిటేట్ ఉప్పూ రాదు. నికరంగా పెప్టైడ్ ఎంతని మూడు మెయిళ్లు పెడితే, 72 శాతమన్నారు. అంటే 3.6 మి.గ్రా. గోనెసంచిని కూడా బియ్యంతో కలిపి తూస్తే ఊరుకుంటామా?

సరుకు మాత్రం మంచిదే. 'ఎ' రకం ఈస్ట్‌లో వేసి రెండు గంటలాగి మైక్రోస్కోపులో చూస్తే, మొగ్గ తొడిగిన కణం దాదాపు లేదు (ఈస్ట్ విభజన అయ్యేది మొగ్గ తొడిగే). ఇంకో గంటకి ఒక పక్క ముక్కు సాగి, పిక్కతో వేలాడే జీడిమామిడి పండ్లలా తయారయ్యాయి. ఎంతసేపు చూశానో! పెప్టైడ్ వచ్చి కణం పైనున్న స్టీ2 గ్రాహకాన్ని తడితే చాలు, లోపల ఫార్1 ప్రొటీన్ విభజనను నడిపే సీడీసీ28కి అడ్డుపడుతుంది.

అంతకు ముందు రోజు చతికిలపడ్డాను. ఆ తప్పు నాదే. బార్1 ఎంజైమ్ తీసేసిన కణాలకి సరిపోయే మోతాదు, మి.లీ.కి 50 నానోగ్రాములు, మామూలు కణాలకి వేశాను. బార్1 పెప్టైడ్‌ని ముక్కలు చేసి పారేసింది, మొగ్గలు మళ్లీ మొదలు. వీటికి మి.లీ.కి దాదాపు 5 మైక్రోగ్రాములు కావాలి, వంద రెట్లు. లీటరు కల్చర్‌కి వస్తుందనుకున్న సీసా 720 మి.లీ.కే అయిపోతుంది. నా మంట అదీ.

"లోపలి ప్రొటీన్‌ని ఆపే పెప్టైడ్ కూడా చేసిస్తాం మేడమ్, కల్చర్‌లో వేస్తే చాలు" అన్నాడు సేల్స్ అబ్బాయి. వద్దన్నాను. ఈస్ట్ గోడ, దాని కింద పొర దాటుకుని ఎన్ని లోపలికి పోతాయి? అలాంటి పనికి ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం కణంలో పెట్టి, గెలాక్టోజ్ చక్కెర ఇచ్చినప్పుడు కణం చేతే పెప్టైడ్ చేయించుకోవడం మేలు. 1996లో శాస్త్రవేత్త రోజర్ బ్రెంట్ బృందం థయోరెడాక్సిన్ అనే ప్రొటీన్‌కి 20 అమైనో ఆమ్లాల పెప్టైడ్ మెలికలు తగిలించి, మనిషి కణ విభజనలో పనిచేసే సీడీకే2 ప్రొటీన్‌ని పట్టుకునే వాటిని ఈస్ట్‌లోనే ఏరింది.

5కి 3 నక్షత్రాలు. రెండో సీసాకి నికర బరువు 5 మి.గ్రా. అని కొటేషన్‌లో రాసివ్వమన్నాను. రాసిచ్చారు. రేటు కూడా పెంచి ఇచ్చారు.