బెడ్‌రూమ్‌లకు టేకు ఫ్లోరింగ్ కోసం అడ్వాన్స్ ఇస్తున్నారా? ముందు మా ఇంట్లో జరిగింది చదవండి

మొన్న ఆదివారం మా వెనక వీధిలో కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న వాళ్ల దగ్గరికి వెళ్లాను. హాల్లో బల్ల మీద ఒక చెక్క ముక్క కనిపించింది. జానెడు పొడుగు, తేనె రంగు, మధ్యలో పక్కకు వంగిన నల్లటి చార. చూడగానే కడుపులో దేవినట్టయింది. 2023లో టేకు ఫ్లోరింగ్ శాంపిల్ అని చూపించిన అదే ముక్కను నేను చేత్తో నిమిరి, వాసన చూసి, మురిసిపోయి 1,60,000 రూపాయలు అడ్వాన్స్ ఇచ్చాను. ఆ ఇంటావిడను అక్కడే కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పాను. ఆమె అడ్వాన్స్ ఇవ్వకుండా ఆగింది. ఆ ముక్క ఇంకా ఎన్ని ఇళ్లు తిరిగిందో అనుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది హనుమకొండ. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చలికాలంలో గ్రానైట్ మీద కాలు పెట్టలేదు, తెల్లవారుజామున మంచం దిగాలంటే భయపడేది. కొత్త ఇల్లు కడుతున్నప్పుడు కింద అమ్మ గదికి, పైన పిల్లల గదికి చెక్క వేయిద్దామన్నాం. అమ్మ పుట్టిల్లు జన్నారం వైపు. ఆ ఇంట్లో దూలాలు, వాసాలు, దర్వాజలు అన్నీ టేకువే. మేం చిన్నప్పుడు సెలవులకు వెళ్తే ఆ దర్వాజ గడప మీద కూర్చునే అన్నం తినేవాళ్లం. మూడు తరాలు తొక్కినా ఆ గడప అరగలేదు, చెదలు ముట్టలేదు. టేకు అనే మాట చెవిన పడగానే మా కళ్ల ముందు ఆ గడపే ఉంది. అమ్మేవాడికి అది చాలు.

వచ్చిన ఫ్లోరింగ్ కాంట్రాక్టర్ మాట మెత్తన. "మేడమ్, ఇది బల్లార్షా మాల్. అయోధ్య గుడి తలుపులకు పోయింది ఈ టేకే" అన్నాడు. 2023లో అయోధ్యకు మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా ప్రాంతం నుంచి టేకు వెళ్లిన మాట నిజమే, పేపర్లలో చదివాం. కాజీపేటలో రైలెక్కితే బల్లార్షా నేరుగా వెళ్లొచ్చు, అంత దగ్గర. అబద్ధమని ఎందుకు అనుకుంటాం? రెండు గదులు కలిపి 300 చదరపు అడుగులు, అడుగుకు 780 చొప్పున 2,34,000 అన్నాడు. అడ్వాన్స్‌లో 90,000 నగదుగా అడిగాడు, మిగతా 70,000 ఫోన్‌లో పంపాం. చేతికి వచ్చింది ఒక కొటేషన్ కాగితం. దాని మీద ఒకే ఒక్క లైను: "టీక్ వుడ్ ఫ్లోరింగ్, పాలిష్‌తో సహా." ఏ టేకు, ఎంత మందం, ఎంత ఆరింది, కింద ఏం వేస్తారు, ఒక్కటీ లేదు. మా నష్టమంతా ఆ ఒక్క లైనులోనే ఉందని తర్వాత తెలిసింది.

ఆ ఏడాది జులై చివర వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చిన సంగతి ఇక్కడివాళ్లు ఎవరూ మర్చిపోరు. పైగా అది అధిక శ్రావణం. ఆగస్టు 17న నిజ శ్రావణం మొదలయ్యాకే ముహూర్తం దొరికింది, నెలాఖరుకు గృహప్రవేశం. ఆగస్టు రెండో వారంలో పలకలు వచ్చాయి. నాలుగు వైపులా పాలిష్ వేసి, ప్లాస్టిక్ కవర్లలో చుట్టి తెచ్చారు. సాయంత్రం దించారు, తెల్లారి పరచడం మొదలుపెట్టారు. కింద గదిలో కాంక్రీట్ బెడ్ వేసి అప్పటికి మూడు వారాలే. అది ఇంకా ముదురు రంగులోనే ఉంది. మా ఆయన అడిగితే "కింద ప్లైవుడ్ వేస్తున్నాం కదా సార్, మెరైన్ ప్లై, నీళ్లలో పెట్టినా ఏం కాదు" అన్నారు. ముహూర్తం తొందరలో మేమూ ఊరుకున్నాం.

గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. అమ్మ చెప్పుల్లేకుండా గదిలో అటూ ఇటూ తిరిగింది.

దసరా దాటాక అమ్మ గదిలో పలకల అంచులు పైకి లేచాయి. ఒక్కో పలక మధ్యలో పల్లం, రెండు పక్కలా గట్టు. చీకట్లో అమ్మ కాలు తట్టుకుంది. ఫోన్ చేస్తే "చెక్క ఊపిరి పీలుస్తుంది మేడమ్, సర్దుకుంటుంది" అన్నాడు. మార్చి వచ్చేసరికి పలకల మధ్య సందులు పడ్డాయి. పది రూపాయల బిళ్ల నిలువుగా దిగేది. ఆ సందుల్లో దుమ్ము, బియ్యపు గింజలు, అమ్మ మాత్రలు. జూన్‌లో కిటికీ పక్కన పలకల అంచుల వెంట సన్నటి తెల్ల పిండి రాలడం మొదలైంది. ఊడ్చేస్తే తెల్లారికి మళ్లీ ఉండేది. దగ్గరికి వెళ్లి చూస్తే గుండుసూది మొనంత రంధ్రాలు. చెక్కను తొలిచే పుప్పి పురుగు.

ఇక లాభం లేదని అమ్మమ్మ ఊరి వడ్లాయనను, అంటే వడ్రంగిని పిలిపించాం. డెబ్బై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచి తాతా అనే పిలుస్తాం. ఆయన గదిలోకి వచ్చి ఏమీ మాట్లాడలేదు. ముందు గోడ వారన అడుగున కొట్టిన పట్టీని, అదే స్కర్టింగ్‌ను ఊడదీయించాడు. పలక వెళ్లి గోడకు ఆనుకుని ఉంది, వేలు కాదు కదా వెంట్రుక పట్టే సందు లేదు. తర్వాత ఒక పలక లేపి తిరగేశాడు. గుడ్డకు థిన్నర్ అద్ది అంచు మీద రుద్దాడు. గుడ్డకు బంగారు రంగు అంటుకుంది, కింద పాలిపోయిన తెల్లటి చెక్క బయటపడింది. "బిడ్డా, ఇది టేకే. కానీ పిల్ల చెట్టు. చేవ ఇంత, తెల్ల ఇంత" అని వేళ్లతో చూపించాడు. తెల్ల దాదాపు సగం ఉంది.

ఈ సంగతి మాకు ముందే తెలిసుంటే సగం నష్టం తప్పేది. మాను నడిమి భాగం చేవ. టేకుకు చెదలు పట్టకపోవడానికి కారణమైన నూనెలు, ఆ గోధుమ బంగారు రంగు, ఆ వాసన అన్నీ చేవలోనే ఉంటాయి. బెరడు కింద ఉండే తెల్ల పొరకు ఆ రక్షణ లేదు, పుప్పి పురుగు వెతుక్కుని వచ్చేది దానికోసమే. అడవిలో యాభై అరవై ఏళ్లు పెరిగిన మానుకు చేవ ఎక్కువ, తెల్ల తక్కువ. తోటలో పదిహేనేళ్లకే కొట్టిన చెట్టుకు ఉల్టా. రెండూ టేకే, బిల్లు మీద రెండింటికీ ఒకటే పేరు. తెల్ల మీద టీక్ షేడ్ స్టెయిన్ కొట్టి, పైన పాలిష్ వేస్తే మామూలు కంటికి తేడా తెలియదు. నాలుగు వైపులా పాలిష్ వేసి తెచ్చింది మా మీద ప్రేమతో కాదని అప్పుడు అర్థమైంది. పాలిష్ వేయని పలక వెనక వైపు చూడకుండా, కోసిన కొసన వలయాలు చూడకుండా మాల్ దించుకోకండి. వలయాలు వేలెడు దూరంలో ఉంటే అది తొందరగా పెరిగిన చెట్టు.

గొడవ పెడితే కాంట్రాక్టర్ మార్పిడికి కొత్త పలకలు పంపాడు. ఈసారి మా తమ్ముడు మాయిశ్చర్ మీటర్ తెచ్చాడు. వెయ్యి రెండు వేలకు ఆన్‌లైన్‌లో దొరికే చిన్న యంత్రం, రెండు సూదులుంటాయి, చెక్కలో గుచ్చితే తేమ ఎంత శాతమో అంకె చూపిస్తుంది. 19, 21, 17, 20. గది లోపల పరిచే చెక్కకు 8 నుంచి 12 లోపు ఉండాలి. మొదటిసారి వేసినవి ఇంకెంత తడిగా ఉన్నాయో దేవుడికెరుక. లెక్క వేసి చూడండి. టేకు నిజానికి చాలా తక్కువ కదిలే చెక్క, ఓడలకు వాడటానికి అదీ ఒక కారణం. అయినా 18 శాతం తేమతో ఉన్న ఐదంగుళాల పలక మన ఎండాకాలంలో 8కి దిగితే వెడల్పులో రెండు మిల్లీమీటర్లకు పైగా తగ్గుతుంది. 12 అడుగుల గదికి అలాంటి పలకలు 29 పడతాయి. అన్నీ కలిపితే రెండంగుళాలు దాటుతుంది. చెక్క ఊపిరి పీలుస్తుందన్న మాట తప్పు కాదు. అందుకే కదా ముందు ఆరబెట్టాలి, మన గదిలో కవర్లు విప్పి కనీసం మూడు నాలుగు రోజులు ఉంచాలి, గోడ చుట్టూ పది పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి దాని మీద స్కర్టింగ్ కప్పాలి. ఈ మూడూ చేయనివాడికి ఆ మాట అనే హక్కు లేదు.

అంచులు లేవడానికి కారణం మాత్రం కింది నుంచి వచ్చిన తేమ. ఆరని కాంక్రీట్ మీద ప్లై, ప్లై మీద పలక. పలక అడుగు తడి తాగి ఉబ్బింది, పై వైపు ఫ్యాన్ గాలికి ఆరింది, అంచులు పైకి వంగాయి. ప్లై లేపి చూస్తే ముద్ర ఐఎస్ 303 అని ఉంది, అది మామూలు ప్లైవుడ్‌కు ఉండే భారత ప్రమాణం నంబరు. మెరైన్ ప్లైకి ఉండాల్సింది ఐఎస్ 710. ఇది ఉత్త నంబరు తేడా కాదు, అది వేరే సరుకు. పరిచే ముందు ముద్ర ఫొటో తీసుకోండి, తర్వాత అది కనబడదు. కాంక్రీట్ ఆరిందో లేదో చూడటానికి డబ్బు అక్కర్లేదు. రెండడుగుల, అవతలిది కనబడే ప్లాస్టిక్ షీట్‌ను నేలకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజంతా వదలండి. లోపల చెమ్మ పడితే, నేల రంగు ముదిరితే, ముహూర్తం ఉన్నా సరే పని ఆపించండి. ఆ గది తర్వాత వేయించుకోవచ్చు. మేం ఆ మాట అనలేకపోయాం.

పై గది సంగతి ఇంకా బాధాకరం. అక్కడ కాంక్రీట్ పాతది, పలకలు లేవలేదు, సందులూ పడలేదు. ఇదొక్కటైనా నిలిచిందనుకున్నాం. పిల్లల కుర్చీ చక్రాల వల్ల నేల మీద గీతలు పడితే కాంట్రాక్టర్ మనుషులే గరుకు కాగితం మెషీన్ పెట్టి గీకారు. రెండు రౌండ్లు తిరిగేసరికి బీరువా పక్కన తేనె రంగు మాయమై కింద ఎర్రటి ప్లైవుడ్ కనిపించింది. పైనున్న టేకు గోరంత మందం కూడా లేదు. అది ఇంజనీర్డ్ వుడ్, అంటే ప్లైవుడ్ మీద పల్చగా అసలు చెక్క పొర అంటించిన పలక. అది చెడ్డదని నేననను. పైన మూడు నాలుగు మిల్లీమీటర్ల అసలు చెక్క ఉన్న రకం బెడ్‌రూమ్‌కు నిజంగా మంచిదే, మొత్తం ఒకే చెక్కతో చేసిన సాలిడ్ పలక కన్నా తక్కువ కదులుతుంది, ఒకటి రెండుసార్లు గీకి మళ్లీ పాలిష్ వేసుకోవచ్చు. యూరప్ ప్రమాణాల్లో పై పొర 2.5 మిల్లీమీటర్లు లేకపోతే దాన్ని పార్కే, అంటే అసలు చెక్క నేల అని పిలవనివ్వరు, వెనీర్ (పల్చటి చెక్క పొర) ఫ్లోరింగ్ అనాల్సిందే. మాకు అమ్మింది మాత్రం సాలిడ్ ధరకు, సాలిడ్ అనే మాటతో.

ఇది ముందే పట్టుకునే దారి ఒకటుంది. చాలామంది బిల్లులో చూడని చోటు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్. సరుకు ఏ రకమో చెప్పే జీఎస్టీ నంబరు అది. కోసిన చెక్కకు 4407తో మొదలవుతుంది. ఒకదానిలో ఒకటి ఇరికేలా అంచుల్లో గాడి, నాలుక (టంగ్ అండ్ గ్రూవ్) తీసిన పలకలకు 4409. ఫైబర్ బోర్డుకు 4411, లామినేట్ ఫ్లోరింగ్ సాధారణంగా ఇందులోకే వస్తుంది. ప్లైవుడ్, వెనీర్ అంటించిన పలకలకు 4412. ఎన్నో ఫోన్ల తర్వాత మాకు జీఎస్టీ బిల్లు వచ్చింది, పై గది సరుకు ఎదురుగా 4412 అని ఉంది. నోటితో ఏం చెప్పినా, పన్ను కట్టే కాగితం మీద నిజమే రాసుకున్నారు. కాబట్టి డబ్బు కట్టకముందే ప్రొఫార్మా బిల్లు (ముందుగా ఇచ్చే నమూనా బిల్లు) అడగండి, కోడ్ చూడండి. "బల్లార్షా మాల్" అంటే కలప డిపో వేలం కాగితం, అటవీ శాఖ రవాణా పర్మిట్ చూపించమనండి. ఉన్నవాళ్లు చూపిస్తారు. ఘనా, నైజీరియా నుంచి వచ్చిన టేకు అయితే అదే రాయమనండి, అందులో తప్పేం లేదు, ధర మాత్రం దానికి తగ్గట్టు ఉండాలి. ముప్పావు అంగుళం మందంలో ఒక సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) చెక్క 16 చదరపు అడుగులు వస్తుంది, కోత తరుగు వేరు. డిపోలో సీఎఫ్‌టీ ధర కనుక్కుని ఆ లెక్కతో కొటేషన్‌ను మీరే తూచుకోవచ్చు.

శాంపిల్ ముక్క వెనక ఇద్దరూ సంతకం చేసి, తేదీ వేసి, మీ ఇంట్లోనే ఉంచుకోండి. మా దగ్గర ఆ ముక్క ఉండి ఉంటే అది మా వెనక వీధి దాకా వచ్చేది కాదు.

వాళ్లు మా మీద వేసిన నింద గురించి కూడా చెప్పాలి. రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచారు, అందుకే పాడైందన్నారు. తుడిచిన మాట నిజం. మన ఇళ్లలో శుక్రవారం నేల తడి చేయకుండా ఉంటుందా? కానీ చెక్క నేలకు బాగా పిండిన గుడ్డే వాడాలని, నీళ్లు నిలవకూడదని వాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. మీ ఇంట్లో పనిమనిషి తుడుస్తుంటే ఆమెకు మీరే చూపించండి. వాన జల్లు కొట్టే కిటికీ ఉన్న గదిలో అసలు చెక్క వద్దనే నా అభిప్రాయం.

డబ్బు విషయానికొస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. తర్వాత లాయర్ నోటీసు పంపాం. 60,000 తిరిగి ఇచ్చారు. నగదుగా ఇచ్చిన 90,000 తమకు ముట్టనే లేదన్నారు, మా దగ్గర చీటీ ముక్క కూడా లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు, సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. సర్దుకుంటుంది, వచ్చే నెల చూస్తాం అంటూ ఆ రెండేళ్లను వాళ్లే కరిగిస్తారు. వాట్సాప్ మెసేజ్‌లు తుడిచేయకండి, పలకల ఫొటోలు పక్కన స్కేలు పెట్టి తీయండి.

ఇప్పటికే వేయించుకుని, అంచులు లేచి బాధపడుతున్నవాళ్లకు తాత చెప్పిన మాట ఒకటి. వెంటనే గీకించకండి. తడి మీద లేచిన అంచును గీకేస్తే, ఎండాకాలంలో ఆరి దిగాక అక్కడే పల్లం పడుతుంది, మధ్యలో గట్టు మిగులుతుంది. తేమ ఎక్కడి నుంచి వస్తోందో ముందు అది ఆపించి, ఒక ఎండాకాలం గడవనిచ్చి, మీటర్ పెట్టి చూసి అప్పుడు గీకించుకోండి. పుప్పి పట్టిన పలకలను మాత్రం ఆగకుండా లేపేసి ఇంటి బయట పెట్టండి, మంచాలకు, తలుపులకు ఎక్కకముందే.