కొన్నేళ్ల వాడకం తర్వాత రీకాంబినెంట్ హ్యూమన్ పీడీ-1: కంపెనీ కంటే ముందు ట్యాగ్ చూడండి

జీనోమ్ వ్యాలీలో మాది యాంటీబాడీల బైండింగ్ చూసే ల్యాబ్. హెచ్‌ఈకే293 అనే మానవ కణాల్లో తయారైన పీడీ-1 (టీ కణాల మీద ఉండే ప్రొటీన్, కొన్ని క్యాన్సర్ మందుల గురి దీనిమీదే) మా ఫ్రీజర్‌లో ఎప్పుడూ ఉండాల్సిందే. ట్యాగ్ అంటే ప్రొటీన్‌కు అతికించే తోక: హిస్ అంటే హిస్టిడిన్ల చిన్న గొలుసు, ఎఫ్‌సీ అంటే యాంటీబాడీ తోక భాగం. రెండూ వాడాను.

ఎఫ్‌సీది ఎలైసా (రంగు మార్పుతో బైండింగ్ చూసే పరీక్ష) ప్లేటుకు బాగా అంటుకుంటుంది, సిగ్నల్ దండిగా వస్తుంది. కానీ నివోలుమాబ్ లాంటి హ్యూమన్ ఐజీజీ4 (ఒక రకం మానవ యాంటీబాడీ) మందును దానిమీద పరీక్షించారో, గోవిందా! మానవ ఎఫ్‌సీని పట్టుకునే రెండో యాంటీబాడీకి (యాంటీ-హ్యూమన్ ఎఫ్‌సీ సెకండరీ) మందేదో, ట్యాగేదో తెలియదు. రంగు తెచ్చే టీఎంబీ ద్రావణం పోసిన కాసేపటికే మందు వేయని వెల్స్ కూడా నీలం తిరిగిపోతాయి. ఆ పనికి హిస్ ట్యాగ్‌దే తీసుకోవాలి.

ఎఫ్‌సీతో ఇంకో తిరకాసుంది. పీడీ-1కి తన జోడీ ప్రొటీన్ పీడీ-ఎల్1తో పట్టు నిజానికి బలహీనం. ఎస్‌పీఆర్ అనే బైండింగ్ కొలత పద్ధతిలో ఒకటికొకటిగా కొలిస్తే కేడీ (ఎంత చిన్నదైతే పట్టు అంత బలం) 8 మైక్రోమోలార్ దరిదాపుల్లో వస్తుంది. ఎఫ్‌సీ వల్ల అణువులు జంటగా ఉండి రెండు చేతులా పట్టుకుంటాయి కాబట్టి అంకె నానోమోలార్‌లోకి దిగుతుంది. బ్రోషర్లలో మురిపించేది చాలాసార్లు ఈ అంకే.

లెక్క ప్రకారం పీడీ-1 ట్యాగ్ కాక 16, 17 కిలోడాల్టన్లు ఉండాల్సింది జెల్‌లో 30 పైన మసగ్గా పరుచుకుంటుంది. కొత్తగా చేరినవాళ్లు చూసి, "అక్కా, వేరే వయల్ పంపారేమో" అంటారు. కాదు, అది చక్కెరల బరువు. 49, 58, 74, 116 స్థానాల్లో ఆ చక్కెర గొలుసులు (గ్లైకాన్లు) తగులుకుని ఉంటాయి. ఈ.కోలై బ్యాక్టీరియాలో చేసిన చవక ప్రొటీన్‌కు అవి ఉండవు. నివోలుమాబ్‌కు ఫరవాలేదు గానీ, క్యామ్రెలిజుమాబ్ అనే మరో పీడీ-1 మందు 58 దగ్గరి చక్కెరను కూడా పట్టుకుంటుంది, అక్కడ ఫలితం తేడా కొడుతుంది. టీ కణాల ప్రయోగాలైతే ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) బెడద అదనం.

ఆర్డర్ పెట్టేటప్పుడు బీఎస్‌ఏ (నిలకడ కోసం కలిపే ఆవు అల్బుమిన్ ప్రొటీన్) కలపనిదే అడగండి. లేకపోతే ప్రొటీన్‌కు బయోటిన్ అనే గుర్తు తగిలించేటప్పుడు సగం బీఎస్‌ఏకే పోతుంది. పొడి రూపంలో ఉన్నదే మనకు నయం. ద్రవ రూపంలో తెప్పించిన ఓ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగి, డ్రై ఐస్ అంతా ఆవిరయ్యాక చేతికొచ్చింది. సరఫరాదారు డబ్బు వాపసు ఇవ్వలేదు. పొడి వయల్ మూత తీసేముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్ చేయండి, కంటికి ఆనని ఆ పొర సగం మూతకే అంటుకుని ఉంటుంది. కరిగించాక వోర్టెక్స్ (యంత్రంతో గట్టిగా కుదపడం) చేయకుండా చిన్న చిన్న వాటాలు (అలీకాట్లు) చేసి మైనస్ 80లో పెట్టేయండి. లాట్ (తయారీ బ్యాచ్) మారితే స్టాండర్డ్ కర్వ్ కూడా కదులుతుంది, అందుకే ప్రాజెక్టుకు సరిపడా ఒకే లాట్ పక్కన పెట్టించుకుంటాం.