మెదడుకి జన్యువు చేర్చాలంటే: పుర్రెకి రంధ్రమా, నరానికి సూదా, అల్ట్రాసౌండా?

మొన్న నరసన్నపేట నుంచి మా బావ ఫోన్ చేశాడు. మామయ్యకి పార్కిన్సన్స్ (చేతులు వణికే మెదడు జబ్బు), ఆరేళ్ల నుంచి మాత్రలతో నెట్టుకొస్తున్నారు. ఎవరో పంపిన వీడియో చూసి, "అల్ట్రాసౌండ్ పెట్టి మెదడులోకి జన్యువు ఎక్కించేస్తున్నారంట, విశాఖ తీసుకెళ్లిపోదామా?" అని ఒకటే హడావిడి. ఆగు బావా అని గంటసేపు మాట్లాడాను. ఈ మధ్య నన్ను ఇది అడిగినవాళ్లలో బావ మూడోవాడు కాబట్టి ఆ మాటలే ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నా.

మెదడులోని సన్నటి రక్తనాళాల గోడ మహా బిగుతు. వంశధార కాలువ మన పొలం పక్కనుంచే పారుతున్నా గట్టు దాటి చుక్క రాకపోతే ఎలా ఉంటుందో అలా అన్నమాట. చికిత్స కోసం జన్యువుని కణాల్లోకి మోసుకెళ్లడానికి వాడే ఏఏవీ అనే వైరస్ సైజు 25 నానోమీటర్లే, అయినా చాలావరకు ఆ గట్టు దగ్గరే ఆగిపోతుంది.

మొదటి దారి, పుర్రెకి రంధ్రం చేసి సన్నటి గొట్టంతో కావలసిన చోటే ఆ వైరస్ ఉన్న మందు వదలడం. వింటేనే గుండె ఝల్లుమంటుంది గానీ, మెదడు విషయంలో అనుమతి తెచ్చుకుని నిలబడింది ఈ మొరటు పద్ధతే. ఏఏడీసీ లోపం అనే అరుదైన జబ్బుతో పుట్టిన పిల్లల కోసం 2022లో యూరప్, 2024లో అమెరికా ఇలాంటి మందుని ఒప్పుకున్నాయి. మెదడులో నాలుగు చోట్ల పోస్తారు, అన్నీ కలిపినా 0.32 మిల్లీలీటరు, అంటే కంటి మందు ఆరేడు చుక్కలు. వృథా దాదాపు ఉండదు, కాకపోతే పోసిన చోటు చుట్టూ కొద్ది మేరకే తడుస్తుంది.

రెండోది నరానికి సూది, అంటే రక్తనాళంలోకి మందు ఎక్కించడం. పేపర్లలో వచ్చే "16 కోట్ల ఇంజెక్షన్" ఇదే, జోల్‌జెన్‌స్మా, అమెరికాలో 2019 నుంచి ఉంది. ఏఏవీ9 అనే రకం ఆ గట్టుని కొంత దాటగలదు కాబట్టి కండరాలు బలహీనపడే ఎస్‌ఎంఏ అనే జన్యు జబ్బు ఉన్న పసిపిల్లలకి పనికొచ్చింది. కానీ మోతాదు చూడండి: ఐదు కిలోల బిడ్డకి ఇచ్చే వైరస్ కణాలు, పైన చెప్పిన ఆరేడు చుక్కల్లో ఉన్నవాటికి సుమారు మూడు వేల రెట్లు! ఒక్క మడి తడవడానికి ఆయకట్టు మొత్తానికి నీళ్లు వదిలినట్టు. ఆ మిగులు భారమంతా కాలేయం మీద పడుతుంది. పెద్దవాళ్ల బరువుకి లెక్కేస్తే ఇంకేం చెప్పను.

ఇక బావ చూసిన మూడోది, అల్ట్రాసౌండ్. సూది ద్వారా రక్తంలోకి వైరస్‌తో పాటు అతి చిన్న గ్యాస్ బుడగలు పంపుతారు, ఎర్ర రక్తకణం కన్నా పెద్దవి కావు. తలకి టోపీలా పెట్టిన పరికరం నుంచి తరంగాలు ఒక్క చోట కలిసేలా వదిలితే, అక్కడి నాళాల్లో బుడగలు ఉబ్బుతూ కుంచించుకుంటూ గోడ అతుకుల్ని వదులు చేస్తాయి. గట్టుకి మనకి కావలసిన మడి దగ్గరే గండి పడుతుంది, ఒక రోజు అటూ ఇటూలో అదే పూడిపోతుంది. కోత లేదు. ఒకే విడతలో చాలా చోట్ల తెరవొచ్చు, నాకు బాగా నచ్చింది ఇదే. గోడ ఇలా తెరవొచ్చని 2001లో కుల్లెర్వో హైనినెన్ అనే శాస్త్రవేత్త బృందం కుందేళ్లలో చూపించింది, 2015లో టొరంటోలో మెదడు కణితి ఉన్న మనిషికి మొదటిసారి చేశారు. 2023లో స్పెయిన్ బృందం ఈ దారిన కోతుల మెదడులోకి జన్యువు చేర్చింది. పార్కిన్సన్స్ రోగుల్లో కూడా గోడ తెరిచి చూశారు గానీ, వాళ్లకి జన్యువు ఇవ్వలేదు. వీడియోలో ఆ ముక్క మింగేశారు.

లోపాలూ ఉన్నాయి. వైరస్ రక్తంలోంచే వెళ్లాలి కాబట్టి కాలేయం గొడవ తగ్గుతుందేమో గానీ పోదు. ఇంకోటి, అల్ట్రాసౌండ్‌ని మళ్లీ మళ్లీ చేయొచ్చని గొప్పగా చెప్తారు కదా, మామూలు మందులకైతే అది నిజంగా గొప్పే. ఏఏవీ ఒకసారి ఒంట్లోకి వెళ్లాక శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి పంపితే యాంటీబాడీలు అడ్డుపడతాయి. తలుపు పదిసార్లు తెరిచినా లోపలికి వెళ్లాల్సినవాడిని వీధి చివరే ఆపేస్తే ఏం లాభం?

బావ తికమకకి అసలు కారణం వేరే ఉంది. అదే రకం యంత్రంతో వణుకు తగ్గించే చికిత్స నిజంగానే ఉంది, అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. అందులో మెదడులో చిన్న చుక్కంత భాగాన్ని వేడితో కాలుస్తారు. అక్కడ గోడ తెరవడం లేదు, జన్యువూ లేదు.

నన్నడిగితే, చిన్న చోటికి చేరితే చాలనుకునే జబ్బుకి ఇవాళ్టికి రంధ్రమే మేలు. ఎస్‌ఎంఏ పసిపిల్లలకి సూది. మెదడులో నాలుగైదు చోట్లకి చేరాల్సిన జబ్బులకి మాత్రం నా ఓటు అల్ట్రాసౌండ్‌కే, కాకపోతే తక్కువ మోతాదులో పనిచేసే వైరస్ దొరకాలి, అప్పటిదాకా అది పరిశోధనే.

బావకి ఇంత చెప్పలేదు. "మామయ్య మాత్రలు వేళకి వేసుకుంటున్నారా?" అని అడిగితే, మధ్యాహ్నంది మర్చిపోతున్నారన్నాడు. ముందు ఫోన్‌లో అలారం పెట్టమన్నా.